సబ్బవరపు ఇంటిలో నౌకానిర్మాణము

విశాఖపట్టణమునకు పోవు మన సోదరీమణులలో పెక్కుమంది సముద్రమును చూతురు, సింహాచలమెక్కి అప్పన్నను సేవింతురు, కైలాసగిరిపై బిడ్డలతో ఒకపూట గడపి మరల రైలెక్కుదురు. ఊరికి పడమటనున్న పల్లెపట్టులవైపు ముఖము త్రిప్పువారు తక్కువ. మేమీమారు సముద్రమునకు వీపుచూపి, గోపాలపట్టణము, వేపగుంట, పెందుర్తి దాటి సబ్బవరమునకు పోయితిమి.

పెందుర్తివరకు పట్టణము మన వెంట వచ్చుచునే యుండును. అటుపిమ్మట కొండలు దగ్గరకు వచ్చును, తాటిచెట్లు కానవచ్చును, గాలిలో ఉప్పు తగ్గి మన్నువాసన హెచ్చును. ఆనందపురమునుండి అనకాపల్లికి వేసిన ఆరువరుసల పెద్దరోడ్డు ఈ ఊరిప్రక్కనుండియే పోవుటచేత లారీల రొద రేయింబవళ్ళు వినబడుచుండును. సబ్బవరము 2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీవరకు విశాఖపట్టణము జిల్లాలోనిది. నాడు అనకాపల్లి జిల్లా యేర్పడగా అందు చేరినది. దామోదరం సంజీవయ్యగారి పేర వెలసిన జాతీయ న్యాయవిశ్వవిద్యాలయ మిచటనే కలదు. ఇదే మండలములోని వంగలి గ్రామమున పెట్రోలియము విద్యాసంస్థ కలదు. ఇట్లు పెద్ద చదువులు వచ్చి చేరినను, ఊరిలోపలి వీథులలో ఇంకను అరుగులున్నవి, అరుగులమీద ఒడియములు ఎండుచున్నవి.

మేము పోయినది ఆ పెద్ద చదువులను చూచుటకు కాదు. రాజమహేంద్రవరములో మా బంధువుల పిల్లవాడొకడు, పదునొకండేండ్లవాడు, పాత అట్టపెట్టెలతో ఒక జలాంతర్గామిని చేసి సంక్రాంతి బొమ్మలకొలువులో పెట్టెను. చేయి తిరిగిన పనివాడు చేసినట్లుండెను. ఎవరు నేర్పిరని అడుగగా, "ఫోనులో తాతగారు" అనెను. ఆ తాతగారి ముఖ మెట్లుండునో వానికి తెలియదట. చేతులు మాత్రమే తెలియునట. ఆ చేతులు సబ్బవరమున నున్నవని వాని తల్లి విచారించి చెప్పినది. ఫోనును చూచిన పిల్లలు చెడుదురని దినము వినుచున్న మాకు, ఫోనును చూచి ఒకడు ఓడ చేసెననుట వింతగా తోచి బయలుదేరితిమి.

ఆ యింట తాతగారు, ఆయన కోడలు, ఆమె కూతురు ఉందురు. కుమారుడు హైదరాబాదులో ఉద్యోగము. తాతగారు విశాఖ నౌకానిర్మాణశాలలో వడ్రంగపు పని చేసి విశ్రాంతి గైకొన్నవారు. ఆ కర్మాగారమును సింధియా కంపెనీవారు స్థాపించిరి. 1941వ సంవత్సరము జూను 21వ తేదీన బాబూ రాజేంద్రప్రసాదుగారు శంకుస్థాపనము చేసిరి. స్వతంత్రము వచ్చినపిమ్మట మన దేశమున కట్టిన తొలి పెద్ద ఓడ 'జల ఉష' అచటనే తయారై, 1948వ సంవత్సరము మార్చి 14వ తేదీన నెహ్రూగారి చేతులమీదుగా నీటిలో దిగినది. 1952లో ప్రభుత్వము కలుగజేసికొనగా హిందుస్థాన్ షిప్‌యార్డు అను పేరు వచ్చినది. తాతగారు చేరునాటికి ఇవన్నియు పాత కథలు. ఆయన పనిచేసినది ఓడగీతలను నేలమీద పూర్తి పరిమాణమున గీయు విశాలమైన చావడిలో. కాగితముమీద జానెడున్న ఓడను అచట నేలమీద ఓడంతగా గీసి, ఆ గీతల ననుసరించి కఱ్ఱబద్దలతో అచ్చులు చేసి ఇచ్చినచో, ఇనుపరేకులను కోయువారు ఆ అచ్చులను బట్టి కోసెడివారు.

"ఆ రోజుల్లో చిన్నదాన్ని పెద్ద చేసేవాణ్ణి తల్లీ. ఇప్పుడు పెద్దదాన్ని చిన్న చేస్తన్నాను. లెక్కొకటే" అని తాతగారు నవ్విరి.

ఆ లెక్కయే ఈ విద్యకంతకును ప్రాణము. మన కొలువులోని బొమ్మలకు లెక్క యుండదు. చెట్టియారు ఏనుగుకంటె పొడవుండును, చెట్టిగారి భార్య కోవెలకంటె ఎత్తుండును. అయినను కొలువు అందమునకు లోపము లేదు. వరాహనదియొడ్డున ఏటికొప్పాకలో అంకుడుకఱ్ఱను త్రిప్పి లక్క పూసి చేయు బొమ్మలకు 2017లో భౌగోళికపు గుర్తింపు వచ్చినది. 2025లో ఢిల్లీ గణతంత్రదినోత్సవపు ఊరేగింపున మన రాష్ట్రపు శకటము ఆ బొమ్మలతోనే పోయినది. అవియు కంటికింపైన రూపములే గాని, దేనికిని అద్దము పట్టినట్టి కొలతలు గలవి కావు. నమూనా యనునది వేరు. అసలు వస్తువులో ఏ భాగ మెంతయో, నమూనాలో ఆ భాగ మదే పాలున తగ్గవలెను. ఒకటి తగ్గి యొకటి తగ్గకున్న అది బొమ్మయగును.

తాతగారు పాఠమునకు ఎన్నుకొన్నది కుర్సురా. ఈ జలాంతర్గామి 1969వ సంవత్సరము డిసెంబరు 18వ తేదీన మన నౌకాదళమున చేరి, 2001వ సంవత్సరము ఫిబ్రవరి 27వ తేదీవరకు కొలువు చేసి, 2002 నుండి విశాఖ రామకృష్ణా బీచిలో ఇసుకపై ప్రదర్శనశాలగా నిలిచియున్నది. దీనినే ఎన్నుకొనుటకు కారణ మేమన, ఉత్తరాంధ్రమున బడిపిల్ల లెందఱో దానిని కన్నులార చూచినవారు, లోపల తల వంచుకొని నడచినవారు. చూచినదానిని చేయుట సుళువు. దాని పొడవు 91.3 మీటర్లు, వెడల్పు సుమారు ఏడున్నర మీటర్లు. ఇన్నూరవ పాలునకు తగ్గించినచో పొడవు 45 సెంటీమీటర్లకు పైచిలుకు, వెడల్పు నాలుగు సెంటీమీటర్లకు కొంచెము తక్కువ అగును. అనగా మన వంటింటి అప్పడాల కఱ్ఱకంటె కొంచెము పొడవైన వస్తువు. ఆ లెక్కన దానిమీద నిలుచు మనుష్యుడు బొబ్బరగింజంత యుండును. పైన పట్టుకొని నడచు ఇనుపకమ్మి సూదిలో ఎక్కించు దారముకంటెను సన్నముండును. పిల్లలు ఇక్కడనే తప్పుదురట. అగ్గిపుల్లతో కమ్మి పెట్టుదురు. చూచుటకు బాగుండును గాని, లెక్క కట్టినచో ఆ కమ్మి అసలు ఓడలో తాటిదూలమంత లావగును. అందుచే తాతగారి పాఠములలో కమ్మికి కుట్టుదారము, జిగురుతో బిఱుసు చేసినది, వాడుదురు. ఆ యుపాయము కోడలిది.

కోడలి సంగతి ఇపుడు చెప్పవలెను. ఏలయన ఈ పాఠములు తాతగారివని లోకము తలచుచున్నను, సగము ఆమెవి.

తాతగారికి ఈ పని ఫోనులో చూపుట మొదట సుతరామును ఇష్టము లేదట. "ఏటమ్మా ఈ గోల? పని చేతికి రావాల గానీ కంటికొస్తే ఏటి లాభం?" అనిరట. ఆయన నేర్చినది మేస్త్రి ప్రక్కన మూడేండ్లు బద్దలు మోసి, ఉలులు నూరి, తిట్లు తిని. ఆ దారిన తప్ప విద్య రాదని ఆయన నమ్మకము. కాని మూడేండ్లు ప్రక్కన నిలుచు శిష్యు డెవడు? మనుమరాలు చదువులో నున్నది. కొడుకు ఊరిలో లేడు. ఇంతలో తాతగారి కుడిచేయి వణక నారంభించినది. మొదట కాఫీ గ్లాసు పట్టునపుడు, పిదప ఉలి పట్టునపుడు. వైద్యుని చూపిరి, మందులు వాడుచున్నారు, ఉదయమున చేయి నిలుకడగా నుండును, ప్రొద్దెక్కినకొలది వణకును. "ఇంక ఆగితే లాభం లేదని నాకు తెలిసిపోయింది పిన్నిగారూ" అని కోడలు వంటింటిలో మెల్లగా చెప్పినది. "ఆ చెయ్యి పోయేలోగా ఫోనులోకైనా ఎక్కించాలనుకున్నాను."

ఆమె తీసిన మొదటి వీడియో నాలుగు నిమిషములది. అందు పాట కలదు, అట్ట ముక్కలు తమంత తామే ఎగిరివచ్చి అతుకుకొన్నట్లు కలదు, కడపట నిగనిగలాడు ఓడ కలదు. వేలకొలది చూచిరి. చేసినవా డొక్కడును లేడు. ఆమె మేనల్లుడు గాజువాకలో ప్రయత్నించి, రెండవ పొరలోనే చిక్కుపడి, "అత్తా, మధ్యలో ఏం చేశారో కనబడలేదు" అని చెప్పినాడట. ఆ మాటతో ఆమె కళ్ళు తెరచినది. చూచి యానందించుటకు తీయు వీడియో వేరు, చూచి చేయుటకు తీయు వీడియో వేరు. యూట్యూబు 2005లో పుట్టినది. 2016 తరువాత మన దేశమున ఫోను వాడుక చవుకయై పల్లెలకుకూడ పాకినది. కాని అందులో మొదటి రకమే మెండు. మన ఆడువారము వంటల వీడియోలలో దీనిని దినమును చూచుచునే యున్నాము. పోపు వేసిన క్షణమునకు మఱు క్షణమున కూర ప్రత్యక్షమగును. నడుమ అడుగంటినదో లేదో ఎవరు చెప్పుదురు?

తరువాతి పాఠములు ఆమె తీసిన విధము మేము దగ్గరనుండి చూచితిమి. రెండు ప్రక్కల నాలుగేసి స్టీలు డబ్బాలు దొంతరపెట్టి, వానిపై రెండు పీటలను నడుమ సందుండునట్లు పెట్టి, ఆ సందుమీద ఫోనును బోర్లించినది. అంతే సరంజామా. ఫోను పైనుండి క్రిందికి, పనివాని కన్నుల తావుననుండి చూచుచుండును. ఇందొక మర్మము కలదు. ఎదుట కూర్చుండి చూచువానికి గురువుగారి కుడిచేయి ఎడమవైపున కనబడును. ముగ్గు నేర్చుకొను పిల్లలు అమ్మ కెదురుగా గాక అమ్మ ప్రక్కనే కూర్చుండుట ఇందుకే. పైనుండి తీసినచో శిష్యునికి ఆ చేతులు తన చేతులవలెనే కనబడును. వెలుతురు ఎడమ కిటికీనుండి రావలెను, కుడిచేతి నీడ పనిమీద పడరాదు. ప్రక్కన ఎప్పుడును ఒక కొలబద్ద కనబడుచుండవలెను. పాట లేదు. ఱంపపు సవ్వడియు, ఉప్పుకాగితపు గీకుడును యథాతథముగా వినవలెను. అట్ట తెగు చప్పుడును బట్టియే కత్తి మొద్దుబారినదో లేదో తెలియునట.

పని క్రమ మిది. వస్తువులు వచ్చు అట్టపెట్టెలను విప్పి, మూడు మిల్లీమీటర్ల మందముగల అట్టతో పండ్రెండు పదమూడు పొరలు కోయుదురు. ప్రతి పొరయు పొడవాటి ఆకువలె నుండును. నడిమి పొర అన్నిటికంటె వెడల్పు, పైకిని క్రిందికిని పోయినకొలది సన్నము. ఒకదానిపై నొకటి అతికించినచో ఓడ శరీరము మెట్లుమెట్లుగా వచ్చును. ఆ మెట్లను వార్తాపత్రికల గుజ్జుతో నింపి, ఆరిన పిదప ఉప్పుకాగితముతో రుద్ది నున్నజేయుదురు. కొయ్యపలకలతో ఓడ నమూనాలు చేయువారు తరతరములుగా అనుసరించు పద్ధతి ఇదియే. తాతగారు కొయ్యకు మారుగా అట్ట పెట్టిరి, పిల్లలకు ఖర్చు లేకుండుటకు. జిగురు మైదాపిండితో కాచినది. పుస్తకములు కుట్టువా రందులో పురుగు పట్టకుండ మైలతుత్తము కలుపుదురు, తాతగారును కలుపుదురు. కోడలు దానిని పాఠమునుండి తీసివేయించినది. అది విషము, చూచువారు పిల్లలు. ఏ రోజు జిగురు ఆ రోజు కాచుకొనుడని చెప్పించినది.

ఇద్దరికిని అసలు జగడము మాటలకడ వచ్చినది. తాతగారు పని చేయుచు "ఇలా కొద్దిగా గీకి, సరిపోయిందనిపించాక ఆపాలి" అందురు. కోడలు ఫోను నాపును. "సరిపోయిందని ఎలా తెలుస్తాది మావయ్యా?" "తెలుస్తాదమ్మా." "మీకు తెలుస్తాది. రాజమండ్రీ పిల్లాడికి?" తాతగారు విసుగుకొందురు. లేచి పోదురు. ఒక పూటయైన పిదప వచ్చి, ఒక అట్టముక్కను వంపుగా కోసి, "ఇది ఆనించి చూడు, సందులోంచి వెలుతురు రాకపోతే సరిపోయినట్టు" అందురు. అదియే ఆయన ఉద్యోగకాలమున చేసిన అచ్చుబద్ద! నలువది యేండ్లు చేసినపనిని ఆమె ప్రశ్నవలననే ఆయన తిరిగి మాటలలోనికి తెచ్చుకొనిరి. మన అత్తగార్లును "ఉప్పు తగినంత" అనియే నేర్పిరి. తగినంత యన నెంత యని నిలదీసి, చారెడో చిటికెడో కొలిచి వ్రాసికొన్న కోడండ్రవలననే గదా ఎన్నియో పచ్చళ్ళు నేటికి నిలిచినవి.

కొలతలు ముద్రించి ఊరూరికి పంపి పిల్లలచేత నమూనాలు చేయించుట లోకమునకు క్రొత్త గాదు. రెండవ ప్రపంచయుద్ధమున, 1942లో, అమెరికా నౌకాదళమువారు తమ దేశపు బడిపిల్లలను 5 లక్షల విమానపు నమూనాలు చేసి యిమ్మని కోరిరి. పాలు 72లో ఒకటి. అనగా ఆరడుగుల మనుష్యుడు అంగుళమగును. అట్టి నమూనాను 35 అడుగుల దూరమున పట్టి చూపినచో, అసలు విమానము అరమైలు దూరమున ఎట్లుండునో అట్లే కనబడును. సైనికులు తమ విమానము ఏది, శత్రువుది ఏది యని దానితో గుర్తుపట్ట నేర్చిరి. పాలు తప్పినచో ఆ నేర్పు ప్రాణాంతకమగును. ఆ పిల్లలకు దారిచూపినది కాగితముమీది పటము మాత్రమే. చేయి కదలుట చూచు భాగ్యము వారికి లేదు.

ఆ భాగ్యమునకును హద్దు కలదు. ఉప్పుకాగితమును ఎంత నొక్కి రుద్దవలెనో ఫోను చూపలేదు. నునుపు కంటికి కనబడదు. మేమున్న ఆదివారమున వీథిలోని పిల్లలు అయిదుగురు తమ తమ అట్టయోడలను పట్టుకొని వచ్చిరి. తాతగారు కన్నులు మూసికొని ఒక్కొక్కదానిమీద బొటనవ్రేలు నడపిరి. "ఇక్కడ గొయ్యుంది. ఇక్కడ మిట్టుంది" అని చెప్పుచు, పిల్లవాని వ్రేలు పట్టి అదే చోట నడపించిరి. వానికి మొదట తెలియలేదు. మూడవమారు తెలిసి, ముఖము వికసించినది. ఇట్టిది దూరపు పిల్లలకు లేదు. కోడలు దీని కొక ఉపాయము పన్నినది: చీకటిగదిలో దీపమును ఓడప్రక్కకు వాలించి పెట్టి చూచినచో ప్రతి మిట్టకును నీడ పడును. వ్రేలు చెప్పునది నీడ కొంతవరకు చెప్పును. పూర్తిగా చెప్పదని ఆమెయే ఒప్పుకొన్నది.

పాఠములన్నిటిలో మాకు మిక్కిలి నచ్చినది ఆరవది. అందు తాతగారి చేయి జాఱి, కత్తి పొరను అడ్డముగా చీల్చినది. కోడలు దానిని తీసివేయబోగా, తాతగారు వలదనిరి. చీలినదానిని వెనుకనుండి కాగితపుపట్టీతో ఎట్లతికించవలెనో, అతుకు కనబడకుండ ఎట్లు రుద్దవలెనో ఆ పాఠమునందే చూపిరి. ఆ యొక్క పాఠమునే పిల్లలు మాటిమాటికి చూతురట. మరియొక మేలేమనగా, ఆరబెట్టు కాలమును వారు దాచరు. "ఇక్కడ ఒక రాత్రి ఆగాలి. వానాకాలమైతే రెండు రాత్రులు" అని చెప్పి, పాఠమును అచట నాపివేయుదురు. కోస్తాగాలి తేమ సంగతి ఇతర దేశపు వీడియోలకేమి తెలియును?

తొమ్మిదవ పాఠమునుండి ఆ చేతులు మారినవి. చూచువారు గమనింతురో లేదో గాని, గాజులున్నవి. సన్నపు పనికి తాతగారి చేయి నిలువకపోగా, ఆయన ప్రక్కన కూర్చుండి చెప్పుచుందురు, ఆమె కోయుచుండును. గాజులు అట్టకు తగులు చప్పుడు వినబడుచుండును. చేతులెవరివని ఒక తల్లి అడిగినదట. ఏమని చెప్పవలెనని కోడలు మామగారి నడుగగా, "నీవే అని చెప్పు. పనెవరు చేస్తే చెయ్యి వాళ్ళదే" అనిరట. ఆమె యిది చెప్పునపుడు తాతగారు వినియు విననట్లు పత్రిక చదువుకొనుచుండిరి.

మన యిండ్లలో ఇట్టి పని పెట్టుకొను తల్లులకు ఆమె చెప్పిన రెండుమూడు మాటలు ఇచట వ్రాయుచున్నాము. పాఠములో పిల్లల ముఖము చూపనక్కరలేదు, చేతులు చాలును. ఊరు, బడి, ఇల్లు గుర్తుపట్టు వస్తువులేవియు వెనుక కనబడరాదు. పదమూడేండ్లు నిండనివారు తమ పేర యూట్యూబులో ఖాతా తెరువరాదు. తల్లిదండ్రుల పేరనే యుండవలెను. పదునైన కత్తిని పెద్దవారే పట్టవలెను, చిన్నవారు గీతలు గీయుట, గుజ్జు నింపుట, రుద్దుట చేయవచ్చును. రుద్దునపుడు ముక్కునకు గుడ్డ కట్టుకొనవలెను. ఫోనును చూచుట ఒక పావుగంట, తరువాత దానిని అవతల పెట్టి గంటసేపు చేయుట. మేమడుగకయే ఆమె దీనిని నొక్కి చెప్పినది. పాఠమును చూచుచు చేయువాడు తన పనిని చూడడట.

బయలుదేరునపుడు తాతగారు, "సంకరం కొండ చూశారా తల్లీ? చూడకుండా పోకండి. ఆళ్ళూ మా పనే చేశారు" అనిరి. మరునాడు అనకాపల్లివైపు పోయి సంకరము చేరితిమి. బొజ్జన్నకొండ, లింగాలకొండ ప్రక్కప్రక్కనే యున్నవి. 1907 ప్రాంతమున అలెగ్జాండరు రీ దొరవా రచట త్రవ్వకములు జరిపిరి. బొజ్జన్నకొండపై తొలిచిన గుహలును, బుద్ధమూర్తులును ఉన్నవి. మా తాతగారు చూడుమనినది లింగాలకొండ. ఆ కొండవెన్నుపై రాతిలోనే చెక్కిన స్తూపములు, పెద్దవి, చిన్నవి, వరుసలు వరుసలుగా ఒకదానిమీది కొకటి ఎక్కుచున్నట్లుండును. జనులు లింగములనుకొని ఆ కొండ కాపేరు పెట్టిరి. మ్రొక్కు తీర్చుకొనుటకు భక్తులు ఇట్టి చిన్న స్తూపములను చేయించుట బౌద్ధులలో వాడుక. పెద్ద స్తూపమును కట్టించు స్తోమత అందఱి కుండదు గదా. దాని రూపమునే తగ్గించి, తన పేర ఒకటి నిలుపుకొన్నారు. ఎక్కిన శ్రమ మరచి మే మచట చాలసేపు కూర్చుంటిమి. చెక్కినవారి పేర్లు లేవు. ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుండి నేర్చిరో, ఎంత రుద్దవలెనని అడిగినవానికి ఏమని చెప్పిరో ఆ రాతిలో లేదు.

తిరిగివచ్చుచు సాయంకాలము మరల సబ్బవరమున ఆగితిమి. పదునాలుగవ పాఠమునకు సన్నాహము జరుగుచుండెను. అది చోదనచక్రముల పాఠము. పటములు చూడక చేయు పిల్లలు ఒక్క చక్రముతో సరిపెట్టుదురు; కుర్సురాకు మూడున్నవి. ఆ మూడింటి నడిమి యెడ మెంతయో తాతగారికిని కోడలికిని మాట కుదరలేదు. ఒకరు పటమును నమ్ముదురు, ఒకరు ఫోటోను నమ్ముదురు. వచ్చు ఆదివారము కూతురిని వెంటబెట్టుకొని, దర్జీల కొలతపట్టీ సంచిలో వేసికొని, బీచికి పోయి చూచి వచ్చుటకు కోడలు నిశ్చయించుకొన్నది. అంతవరకు రికార్డు చేయనన్నది. తాతగారు పొద్దున ఆరుగంటలకే లేపుమని, ఆ వేళ చేయి బాగుండునని, చక్రపు రెక్క ఒక్కటైన తాను కోయుదునని చెప్పుచుండిరి.